మట్టిలో నిలిచిన సముద్ర కథ: జోసయా వెడ్జ్‌వుడ్



సాయంత్రం ఆర్కే బీచ్‌లో పిల్లలతో కూర్చున్నప్పుడు సముద్రం గురించి వాళ్ళకు ఏ కథ చెబుతారు? క్షీరసాగర మథనమో, రాముడు వారధి కట్టిన కథో చెబుతాం. గ్రీకులకూ ఇలాంటి సముద్ర కథలున్నాయి. థెటిస్ ఒక సముద్ర దేవత. పీలియస్ అనే మానవుడు ఆమెను పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకే మహావీరుడు అకిలీస్. మన గంగాదేవి, శంతనుడు, భీష్ముడు గుర్తొస్తున్నారు కదూ!

ఈ నెల మీకు పరిచయం చేస్తున్నది అలాంటి కథలను మట్టిలో నిలిపిన ఒక కుమ్మరిని. ఆయన పేరు జోసయా వెడ్జ్‌వుడ్.

ఆయన 1730లో ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్‌లో పుట్టాడు. తరతరాలుగా కుండలు చేసే కుటుంబం, ఇంటి నిండా పిల్లలు, అందరిలోకీ చిన్నవాడు. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. చదువు ఆగింది, సారె దగ్గర పని మొదలైంది. కొన్నాళ్ళకే మశూచి సోకింది. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు దెబ్బతింది. ఆ రోజుల్లో సారెను కాలితో తన్ని తిప్పాలి. కుమ్మరి పిల్లాడికి కాలు పనిచేయకపోతే ఇక బతుకుతెరువు ఏముంటుంది?

1744లో అన్న దగ్గరే అప్రెంటిస్‌గా చేరాడు. సారె మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయేసరికి అతని దృష్టి మిగతా పనుల మీదకు మళ్ళింది. ఏ మట్టి ఏ వేడికి ఎలా మారుతుంది, ఏ పూత ఎందుకు పగులుతుంది అని గమనించడం మొదలుపెట్టాడు. గడువు పూర్తయ్యాక అన్న అతన్ని భాగస్వామిగా చేర్చుకోలేదు. వేరేచోట్ల పనిచేసి, 1759లో సొంత పని పెట్టుకున్నాడు. అప్పటికే ప్రయోగాల పుస్తకం ఒకటి రాసుకుంటున్నాడు. ప్రతి ప్రయత్నానికీ ఒక నంబరు, ఏం కలిపాడో, ఏం జరిగిందో వివరం. చెడిపోయిన వాటినీ అంతే శ్రద్ధగా నమోదు చేసేవాడు.

ఆయన చేసిన మీగడ రంగు పాత్రలు షార్లెట్ రాణికి నచ్చాయి. వ్యాపారం పెరిగింది. అంతలో మోకాలి నొప్పి భరించలేని స్థితికి వచ్చింది. 1768లో కుడి కాలు తీసేశారు. మత్తుమందు కనిపెట్టని రోజులవి. మరుసటి ఏడాదే, 1769 జూన్ 13న, కొత్త కర్మాగారం ప్రారంభమైంది. దానికి పెట్టిన పేరు ఎట్రూరియా. ఇటలీలో ఆ పేరున్న ప్రాంతంలో దొరికిన ప్రాచీన గ్రీకు పాత్రలంటే అప్పట్లో ఐరోపాలో పెద్ద మోజు. ప్రారంభం రోజున భాగస్వామి థామస్ బెంట్లీ సారె తిప్పుతుంటే, వెడ్జ్‌వుడ్ కొయ్యకాలితో కూర్చుని స్వయంగా ఆరు పాత్రలు చేశాడు. వాటిపై గ్రీకు పద్ధతిలో హెర్క్యులీస్ కథలోని బొమ్మలు వేయించాడు. సముద్ర దేవుడు పొసైడన్ కొడుకు ట్రైటన్ బొమ్మతో ఎట్రూరియాలో తయారైన కొవ్వొత్తి స్తంభాలు నేటికీ మ్యూజియాల్లో కనిపిస్తాయి.

ఆయనకు పేరు తెచ్చింది జాస్పర్ అనే పింగాణీ లాంటి సరుకు. నీలం నేపథ్యం మీద తెల్లని బొమ్మలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. 1770లలో వేల ప్రయత్నాల తర్వాత ఇది కుదిరింది. ఇందులో ముఖ్యమైన దినుసు బేరియం సల్ఫేట్. మన రాయలసీమలో మంగంపేట గనుల నుంచి వచ్చే ముగ్గురాయి అదే!

1786లో పోర్ట్‌లాండ్ ప్రభువు తన దగ్గరున్న ప్రాచీన రోమన్ గాజు పాత్రను వెడ్జ్‌వుడ్‌కు ఎరువిచ్చాడు. ముదురు నీలం గాజు మీద తెల్లగాజు బొమ్మలు. ఒడిలో సముద్ర సర్పంతో ఒక స్త్రీ, ఆమెవైపు చేయి చాచిన యువకుడు. ఇది థెటిస్, పీలియస్‌ల పెళ్ళి దృశ్యమని చాలామంది పండితుల అభిప్రాయం. దీన్ని జాస్పర్‌లో చేయాలని ఆయన పంతం. ఆవంలో పెట్టిన పాత్ర ఒకసారి పగిలేది, ఒకసారి పొక్కులు లేచేది, ఒకసారి బొమ్మలు విడిపోయేవి. అప్పటికి దేశమంతా పేరున్న మనిషి, వయసు దాటుతోంది. అయినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. 1789లో మంచి నకలు చేతికొచ్చింది. 1790లో లండన్‌లో ప్రదర్శించాడు. అసలు పాత్రను 1845లో బ్రిటిష్ మ్యూజియంలో ఒకడు ముక్కలు చేశాడు. ఆ ముక్కలను మళ్ళీ అతికించాల్సి వచ్చింది.

స్టీల్ ప్లాంటులో పనిచేసే తల్లిదండ్రులకు ఒక మాట. కొలిమి వేడిని కంటితో చూసి అంచనా వేయడం ఆయనకు నచ్చలేదు. మట్టి ఎంత కాలితే అంత కుంచించుకుపోతుందని గమనించి, చిన్న మట్టి బిళ్ళల కుంచింపును కొలిచి వేడిని లెక్కించే పైరోమీటరు తయారుచేశాడు. ఆయన అంకెలు వాస్తవం కన్నా బాగా ఎక్కువని తర్వాత తేలింది. కానీ అంత వేడినీ కొలవాలన్న ఆలోచనకు గౌరవం దక్కింది. 1783లో రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. బడి మధ్యలో ఆపేసిన పిల్లాడే ఈయన.

మన ఊరిలాగే ఆయన వ్యాపారమూ రేవు మీదే ఆధారపడింది. సరుకు లివర్‌పూల్ ఓడల్లో వెళ్ళేది. ఆ రేవు సంపదలో బానిసల వ్యాపారం వాటా పెద్దది. తెలిసీ 1787లో ఆయన ఆ వ్యాపారాన్ని వ్యతిరేకించే సంఘంలో చేరాడు. సంకెళ్ళతో మోకరిల్లిన ఆఫ్రికా మనిషి బొమ్మతో జాస్పర్ పతకాలు చేయించి ఉచితంగా పంచాడు. జనం వాటిని నగల్లో పొదిగించుకుని తిరిగారు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని 1807లో నిషేధించింది. చూడడానికి ఆయన లేడు. 1795 జనవరి 3న కన్నుమూశాడు. ఆయన కుమార్తె సుసన్నా కొడుకే చార్లెస్ డార్విన్.

అన్నింటా ఆదర్శమని చెప్పలేం. ఆ కాలపు కర్మాగారాలన్నిటిలాగే ఆయన దగ్గరా పిల్లలు పనిచేశారు. బడి కోల్పోయిన బాధ తెలిసిన మనిషి కూడా తన కాలాన్ని పూర్తిగా దాటలేకపోయాడు. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పండి.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. వినాయక చవితి బొమ్మలకు వాడే బంకమట్టితో పది సెంటీమీటర్ల పట్టీ ఒకటి చేయించండి. నీడన ఆరాక మళ్ళీ కొలిపించండి. ఎంత తగ్గిందో నోటు పుస్తకంలో రాయమనండి. పట్టీ పగిలిపోతే పారేయనివ్వకండి. ఎందుకు పగిలిందో కూడా రాయమనండి. మార్కుల కార్డులో తక్కువ వచ్చిన సబ్జెక్టు గురించి మాట్లాడటానికి ఆ పుస్తకం మీకు పనికొస్తుంది.