‘సెల్ఫ్’ వెనక మనిషి

మన ఊళ్లలో ఏ మెకానిక్‌నైనా అడిగి చూడండి, స్టార్టర్ మోటార్ అనే మాట వాడడు. ‘సెల్ఫ్’ అంటాడు. బండి సెల్ఫ్ తీసుకోవట్లేదు, సెల్ఫ్ పోయింది, సెల్ఫ్ విప్పి బ్రష్‌లు మార్చాలి. ఒక్క ముక్కలో రోగం పేరూ చెప్పేస్తాడు. ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను స్టార్ట్ అయ్యే బండి అన్నది ఒకప్పుడు పెద్ద వింత కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. ఆ వింతను జనం మీదికి తెచ్చిన చార్లెస్ కెటరింగ్ గురించి మన మెకానికల్ వాళ్లకీ, ఎలక్ట్రికల్ వాళ్లకీ కలిపి చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఎందుకంటే ఆయన రెండు బ్రాంచీలకీ చుట్టమే.

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గర ఒక పొలం ఇంట్లో పుట్టారు. చిన్నప్పటినుంచీ చూపు బలహీనం. కాసేపు చదివితే చాలు, తలనొప్పి మొదలు. కొన్నాళ్లు పల్లె బడుల్లో పంతులుగా చేసి, తరవాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరారు. కళ్లు సహకరించక చదువు మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. ఇక్కడితో కథ అయిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఆయన మాత్రం టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో చేరి గుంతలు తవ్వారు, స్తంభాలు పాతారు, చివరికి ఆ ముఠాకే మేస్త్రీ అయ్యారు. ఆరుబయట పనిలో కళ్లు కాస్త తేరుకున్నాక మళ్లీ కాలేజీకి వెళ్లారు. పాఠాలు రూమ్‌మేట్లు చదివి వినిపించేవారట. 1904లో, 27 ఏళ్ల వయసులో, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ చేతికొచ్చింది. సెమిస్టర్ వెనకబడితే బతుకే వెనకబడిపోయిందని కుంగిపోయే మనవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

తొలి ఉద్యోగం డేటన్‌లో, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో. దుకాణాల్లో చేత్తో తిప్పే గల్లా యంత్రానికి చిన్న విద్యుత్ మోటారు అమర్చడం ఆయన పని. అక్కడ ఒక సంగతి బాగా వంటబట్టింది. గల్లా యంత్రానికి మోటారు రోజంతా తిరగనక్కర్లేదు, ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. ఆ ఒక్క క్షణమే అయితే చిన్న మోటారు మీద కూడా దాని స్తోమతకు మించిన బరువు వేయొచ్చు. వేడెక్కి కాలిపోయేలోపే పని అయిపోతుంది.

సాయంత్రాలు, సెలవు రోజులు ఆఫీసులో పరిచయమైన ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో గడిచేవి. అక్కడ కార్ల ఇగ్నిషన్ మీద చేసిన ప్రయోగాలే 1909లో డెల్కో కంపెనీ అయ్యాయి.

అప్పట్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. స్పార్క్ టైమింగ్ వెనక్కి జరపడం మరిచిపోతే ఇంజను ఎదురు తన్నేది. మణికట్లు విరిగేవి. విద్యుత్ మోటారు పెడదామంటే, ఇంజనును తిప్పాలంటే మోటారు కూడా ఇంజనంత ఉండాలి కదా అని తెలిసినవాళ్లే పెదవి విరిచారు. కెటరింగ్ గల్లా యంత్రం పాఠం ఇక్కడ వాడారు. కొన్ని సెకన్ల పనికి చిన్న మోటారు, మధ్యలో వేగం తగ్గించి బలం పెంచే గేర్లు, వెనక బ్యాటరీ. ఇంజను అందుకున్నాక అదే యంత్రం జనరేటర్‌గా మారి, వాడుకున్న కరెంటును బ్యాటరీకి తిరిగి ఇచ్చేస్తుంది. లైట్లు, ఇగ్నిషన్ కూడా ఆ బ్యాటరీ మీదే. 1912 కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు వచ్చింది. కండబలం అక్కర్లేకుండా ఎవరైనా కారు తీయగలిగారు.

ఇప్పుడు మన వర్క్‌షాప్‌కి రండి. సెల్ఫ్ తిరగని కారును నేను చూసే పద్ధతి ఆ అమరిక నుంచి పుట్టిందే. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పుతాను. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయిందో, టెర్మినల్ తుప్పు పట్టిందో, లేదా మోటారు బిగుసుకుని కరెంటు మొత్తం లాగేస్తోందో అనుకోవాలి. లైట్లు చెక్కుచెదరక, చప్పుడే లేకపోతే కరెంటు మోటారు దాకా రావట్లేదు: రిలే, క్లచ్ స్విచ్, సాలినాయిడ్ వైర్ వరసగా చూడాలి. టకటకా కొట్టుకుంటే సాధారణంగా బ్యాటరీ నీరసం. ఒక్క టక్‌తో ఆగిపోతే సాలినాయిడ్ కాంటాక్టులు, బ్రష్‌లు, లావు కేబుళ్లు, ఎర్త్ పట్టీ. తాళం తిప్పి ఉంచి మల్టీమీటర్‌తో కొలిస్తే బ్యాటరీ దగ్గర సుమారు 9.6 వోల్టుల పైన నిలవాలి. కేబుల్ రెండు చివర్ల మధ్య అర వోల్టు మించి పడిపోతే దోషం ఆ కేబుల్‌ది. ఏదీ కొలవకుండా కొత్త స్టార్టర్ కొనేవాళ్లే ఎక్కువ, జేబుకు చిల్లు కూడా వాళ్లకే.

కెటరింగ్‌కు దెబ్బలూ తగిలాయి. డెల్కో చేతులు మారి జనరల్ మోటార్స్‌లో కలిశాక ఆయన అక్కడి పరిశోధనకు పెద్ద అయ్యారు. నీళ్లు లేకుండా, రాగి రెక్కల మీద గాలితో చల్లబడే ఇంజను చేయించారు. 1923లో వచ్చిన ఆ షెవర్లే కార్లు విఫలమై వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ఆయన రాజీనామాకు సిద్ధపడ్డారు, కంపెనీ ఒప్పుకోలేదు.

కానీ నన్ను ఇబ్బంది పెట్టేది ఆ ఓటమి కాదు, ఒక గెలుపు. ఇంజన్లలో నాకింగ్‌కు కారణం ఆయన బ్యాటరీ ఇగ్నిషనేనని కొందరు నిందించేవారు. ఆ పట్టుదలతో మందు వెతికించారు. 1921లో ఆయన ప్రయోగశాలలో థామస్ మిడ్గ్లీ పెట్రోలులో సీసం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టారు. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. ఆల్కహాల్ కలిపినా పని జరుగుతుందని వాళ్లకే తెలుసు. 1924లో న్యూజెర్సీలోని బేవే ప్లాంటులో ఆ సీసం తయారుచేస్తూ ఐదుగురు కార్మికులు చనిపోయారు. దాన్ని అమ్మే ఎథిల్ కంపెనీకి అప్పుడు అధ్యక్షుడు కెటరింగే. అమ్మకం కొన్నాళ్లు ఆగినా, మళ్లీ మొదలైంది. మన దేశంలో సీసం పెట్రోలు పోయింది 2000లో. ప్రపంచంలో చివరి బంకు మూసింది 2021లో.

అదే మనిషి 1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధన సంస్థ పెట్టారు. మరుసటి ఏడే ఆయన భార్య ఆలివ్ కన్నుమూశారు. 1958 నవంబరు 25న ఆయన కూడా వెళ్లిపోయారు.

సెల్ఫ్ మోటారు తప్పు చేస్తే ఒక్క తాళంతో తెలిసిపోతుంది, టక్కుమని ఆగిపోతుంది. సీసం తప్పు తెలియడానికి, తెలిశాక ఆపడానికి తరాలు పట్టింది. కొట్టంలో ఎవరి మణికట్టు విరుగుతుందో ఆలోచించిన మనిషి, పెద్ద ఆఫీసులో ఎవరి ఊపిరి చెడుతుందో ఎందుకు ఆలోచించలేదు? రేపు ప్రాజెక్టు రివ్యూలో మన మోడల్ పనిచేసిందా అని సార్ అడుగుతారు. దాని పొగ ఎవరి మీదికి పోతుందన్న ప్రశ్న మాత్రం మనమే వేసుకోవాలి.