కవులే లేరన్నారు, ఆయన 354 మందిని చూపించారు: సురవరం ప్రతాపరెడ్డి గారి కథ



గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం గురించి మన ఛానల్‌లో చాలాసార్లు చెప్పుకున్నాం. పని చేయడం వరకే మన చేతిలో ఉంది, ఫలితం కాదు అని దాని సారం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏడాది పాటు రాత్రులు కూర్చుని చేసిన ప్రాజెక్టును ఒక్క మీటింగ్‌లో పక్కన పెట్టేస్తే? నాకు అదే జరిగింది. రెండు వారాలు సరిగ్గా నిద్ర పట్టలేదు. శ్లోకం నోటికి వచ్చు, కానీ మనసుకు పట్టలేదు.

ఆ టైంలోనే ఇంట్లోవాళ్లతో కలిసి అలంపురం జోగులాంబ అమ్మవారి దర్శనానికి బయల్దేరాం. ఎర్రవల్లి చౌరస్తా దాటాక ఇటిక్యాల బోర్డు కనిపించింది. సురవరం ప్రతాపరెడ్డి గారు పుట్టింది ఇటువైపే అని నాన్న చెప్పారు. ట్యాంక్‌బండ్ మీద ఉన్న విగ్రహం తప్ప ఆయన గురించి నాకేం తెలియదు. తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను.

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నేలను నడిగడ్డ అంటారు. ఆ నడిగడ్డలోని ఇటిక్యాలపాడులో 1896 మే 28న ఆయన పుట్టారు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టే పిల్లాడట (ఇది చదివి కొంచెం ధైర్యం వచ్చింది). తర్వాత కర్నూలులో చిన్నాన్న దగ్గర ఉండి చదువుకున్నారు. అక్కడే సంస్కృతం మీద ఇష్టం పుట్టింది. మద్రాసులో బి.ఏ., ఆ తర్వాత లా పూర్తిచేశారు. హాయిగా వకీలుగా స్థిరపడిపోవచ్చు. కానీ హైదరాబాదు వచ్చి రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లల చదువులు, లైబ్రరీ, ఇవే ఆయన పని.

అప్పటి హైదరాబాదు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. ప్రభుత్వ భాష ఉర్దూ. రాష్ట్రంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అయినా, 1921లో ఒక సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. అలాంటి ఊళ్లో 1926లో సురవరం వారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. సంపాదకుడూ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే. మన స్టార్టప్ భాషలో చెప్పాలంటే ఫుల్ స్టాక్.

అసలు కథ 1930ల మొదట్లో జరిగింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ఒక పండితుడు రాశారు. ఇక్కడ పూజ్యం అంటే పూజించదగినవాళ్లు అని కాదు, సున్నా అని.

ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో చూడండి. సురవరం వారి సొంత ప్రాంతమైన గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. పక్కనే వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు. కొల్లాపురం ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. కవులకు, పండితులకు సన్మానాలు జరిగిన నేల ఇది. తిరుపతి వేంకట కవులంతటి వాళ్లు కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి మెప్పు పొంది వెళ్లారు. కవులు లేక కాదు, వాళ్ల పద్యాలు అచ్చుకాక బయటివాళ్లకు తెలియలేదు. ఇంట్లో చెక్కపెట్టెలో ఉన్న నోటుపుస్తకం గురించి బయటి ఊరివాళ్లకు ఎలా తెలుస్తుంది?

చేతిలో పత్రిక ఉంది. నేనైతే వారానికో వ్యాసం రాసి ఆ పండితుణ్ని ఉతికి ఆరేసేవాణ్ని. ఆయన ఆ దారి పట్టలేదు. ఆ పండితుడి అభిప్రాయం తన చేతిలో లేదు. పత్రిక ఉంది, పోస్టు ఉంది, ఓపిక ఉంది. మీ పద్యాలు, వివరాలు పంపండి అని కవులకు పిలుపునిచ్చారు. ఎక్కడెక్కడి నుంచో పద్యాలు వచ్చాయి. పేరున్న పండితులవే కాదు, ఊరు దాటి ఎవరికీ తెలియనివాళ్లవి కూడా. అన్నీ చదివి, వరుసలో పెట్టి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులు! సున్నా అన్న మాటకు జవాబు అదే. ఇప్పటికీ తెలంగాణ సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు ఆ సంచికను తెరవకుండా ముందుకు పోలేరు.

మన చేతిలో ఉన్నదే చూసుకోవాలి అనగానే చాలామంది నోరు మూసుకుని సర్దుకుపోవడం అనుకుంటారు. నాకూ ఆ డౌట్ ఉండేది. సురవరం వారు సర్దుకుపోయే రకం కాదు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. పత్రికలో సంపాదకీయం రాయాలంటే ముందు అనుమతి తీసుకోవాలని ప్రభుత్వం ఆంక్ష పెట్టినప్పుడు ఆయన అనుమతి కోసం వెళ్లి నిలబడలేదు, పత్రిక మూసేయనూ లేదు. ఆ స్థలంలో మహానుభావుల సూక్తులు వేశారు. గాంధీ గారి మాటో ఇంకొకరి మాటో వేస్తే ఏ అధికారి తప్పుపడతాడు? చదివేవాళ్లకు మాత్రం విషయం అర్థమైపోయేది. ఆంక్ష తీసేయించడం ఆయన వల్ల కాదు, కానీ ఆ నాలుగు అంగుళాల జాగాలో ఏం వేయాలో నిర్ణయించేది ఆయనే.

మన ఛానల్ చూసేవాళ్లు ఆయన రాసిన హిందువుల పండుగలు, రామాయణ విశేషములు తప్పకుండా వెతికి చదవండి. పండుగ చేసుకోవడంతో ఆగకుండా, అది ఎందుకు వచ్చిందో, ఎక్కడ ఎలా చేస్తారో వివరిస్తారు. కొన్నిచోట్ల మీకు నచ్చని మాటలు కూడా ఉండొచ్చు. భక్తితో పాటు ప్రశ్న కూడా ఉన్న మనిషి ఆయన.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఏడాదిన్నర కూడా గడవకుండానే, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 1949లో, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. రాజులు, యుద్ధాలు కాదు, మామూలు తెలుగువాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నదే అందులో చరిత్ర. దాన్ని ఎక్కువగా పాత కావ్యాల నుంచే ఏరి రాశారు. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించినప్పుడు అది ఆ పుస్తకానికే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.