డాక్టర్ గరికపాటి రాజారావు

తెనాలి ప్రాంతానికి నాటకాభిమానం కొత్త కాదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలోనే అవతరించింది. కొలకలూరు వంటి గ్రామాలు సైతం నాటక సమాజాలకు ఆశ్రయమైనవి. రాత్రి తెల్లవార్లు రాగయుక్తమైన పద్యాలు విని ఆనందించిన ఈ సీమ ప్రజల ఎదుటకు 1940 తరువాత మరొక విధమైన నాటకం వచ్చింది. అందులో రాజు స్థానంలో రైతు నిలిచాడు. పద్యం స్థానంలో పలుకుబడి నిలిచింది. ఆ మార్పునకు కారణమైన ప్రజానాట్యమండలిని నడిపిన ప్రముఖులలో అగ్రగణ్యుడు డాక్టర్ గరికపాటి రాజారావు.

ఆయన 1915లో రాజమహేంద్రవరంలో జన్మించారు. వైద్యవిద్య అభ్యసించి ఎల్.ఐ.ఎం. పట్టం పొందారు. రోగులను చూచుకొని సుఖజీవనం గడపడానికి తగిన వృత్తి చేతిలో ఉన్నా, మనస్సు మాత్రం రంగస్థలం వైపే మొగ్గింది. 1943లో బొంబాయిలో అఖిల భారత స్థాయిలో ప్రజానాటక సంఘం వెలసింది. అదే సంవత్సరం ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి రూపొందింది. కమ్యూనిస్టు ఉద్యమంతో దానికి గల సంబంధం దాపరికం లేనిది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ప్రాణం పోసినది ఈ సంస్థ నీడలోనే.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రచించిన మా భూమి నాటకం 1947లో ప్రదర్శనకు వచ్చింది. తెలంగాణ రైతుల పోరాటమే దాని ఇతివృత్తం. నూటికి పైగా దళాలు దానిని ఊరూరా ఆడినవి. సాయుధ పోరాటం సాగుతున్న ఆ రోజులలో ప్రభుత్వం దీనిని కళగా గాక కల్లోలంగా భావించింది. 1948లో మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. కళాకారులలో కొందరు చెరసాల పాలయ్యారు; కొందరు అజ్ఞాతంలోకి వెళ్లారు. ఒకడు లేకపోతే పాట ఆగిపోయే చిన్న బృందాలకు ఇది తట్టుకోరాని దెబ్బ.

నాటకాలను ఆపే అధికారం ప్రభుత్వానికి కొత్తగా వచ్చినది కాదు. కలకత్తాలో దొరలను పరిహసించిన నాటకాల దరిమిలా 1876లో ఆంగ్ల ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం చేసింది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ చట్టం పోలేదు. 1956లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానం అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. పూర్తిగా రద్దయినది 2018లో మాత్రమే.

వేదిక మూతపడినప్పుడు రాజారావు తిరిగి వైద్యవృత్తిలో తలదాచుకొనవచ్చును. ఆయన ఆ పని చేయలేదు. చెదిరిన కళాకారులు పొట్ట చేత పట్టుకొని మద్రాసు చేరుతున్న కాలమది. ఆయనయు అక్కడికే చేరి చలనచిత్ర నిర్మాణానికి పూనుకొన్నారు. ఆ ప్రయత్నానికి ఫలితం 1953లో వచ్చిన పుట్టిల్లు. దర్శకుడు ఆయనే. ఊరి వేదికలపై ఆడిన అల్లు రామలింగయ్యకు అందులో తొలి వేషం లభించింది. తెనాలి సమీపాన దుగ్గిరాలలో పెరిగిన జమున కథానాయికగా పరిచయమైనది. నాజర్ బుర్రకథకు కూడ అందులో చోటు దొరికింది. చెదిరిన గూటిలోని పక్షులకు ఆ చిత్రం నిజంగా పుట్టిల్లే అయినది.

కాని చిత్రం ధనం తేలేదు, నష్టమే మిగిల్చింది. ఆయన చేరదీసినవారు మాత్రం దశాబ్దాల పాటు తెలుగు తెరపై వెలిగారు. వారి కీర్తిలో సగమైనా ఆయనకు దక్కలేదు. 1963లో, నలుబది ఎనిమిదవ ఏట, రాజారావు కన్ను మూశారు.

ప్రజానాట్యమండలి తరువాతి కాలంలో మరల లేచి నిలిచింది. ఆయన రాజకీయ విశ్వాసాలతో ఏకీభవించనివారు ఉండవచ్చును. అయినను, శాసనం తన బృందాన్ని చెల్లాచెదరు చేసిన వేళ తన దారి తాను చూచుకొనక, తోటివారికి మరొక వేదిక వెదకిన ఆ వైద్యుని పేరు తెలుగు నాటకచరిత్ర చదివే ప్రతి విద్యార్థికి తెలిసి ఉండదగినది.