ఊట నీరు అందరిదీ: శ్రీ గురునానక్ దేవ్‌జీ యాత్రా జీవితం

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతే.



వేసవిలో సుక్మా జిల్లా కొంటా ప్రాంతంలో, భేజ్జి వైపు పల్లెల్లో వాగులు ఎండి ఇసుక మేటలు మాత్రమే మిగులుతాయి. ఆడవాళ్లు ఆ ఇసుకలో చేతులతో గుంట తీసి, నీరు ఊరేదాకా ఓపిగ్గా కూర్చుని, గిన్నెతో తోడి బిందె నింపుకుంటారు. తెలుగువాళ్లం దాన్ని చెలమ అంటాం. ఛత్తీస్‌గఢ్ వాళ్లు ఝిరియా అంటారు. బీదర్‌లో గురునానక్ దేవ్‌జీ పేరు మీద ఉన్న పుణ్యక్షేత్రం నానక్ ఝీరా. అంటే నానక్ ఊట. మాట ఒకటే. చెలమ దగ్గర కూర్చున్న తల్లికి తెలిసిన సంగతినే గురువుగారు తమ జీవితమంతా నడిచి చెప్పారు. నీరు ఎప్పుడూ కిందనే ఉంటుంది, పైనున్న ఇసుక తీయాలి అన్నదే ఆ సంగతి.

గురునానక్ దేవ్‌జీ 1469లో తల్వండి గ్రామంలో జన్మించారు. ఆ ఊరే నేడు పాకిస్తాన్‌లోని నన్‌కానా సాహిబ్. తండ్రి మెహతా కాలూజీ పట్వారీ, అంటే మన కరణం వంటి ఉద్యోగి. తల్లి తృప్తాదేవి. అక్క బేబే నానకీ తమ్ముడిలోని వెలుగును అందరికన్నా ముందు గుర్తించింది. తండ్రి ఒకసారి వ్యాపారం చేయమని ఇరవై రూపాయలు ఇచ్చి పంపితే, దారిలో ఆకలితో ఉన్న సాధువులకు ఆ డబ్బుతో అన్నం పెట్టి వచ్చారు. తండ్రి కోప్పడ్డారు. గురువుగారి లెక్కలో మాత్రం అదే నిజమైన బేరం. తర్వాత అక్కాబావల ఊరైన సుల్తాన్‌పూర్‌లో నవాబు ధాన్యపు కొట్టులో పనిచేశారు. మాతా సులఖ్ఖనీతో వివాహమైంది. శ్రీచంద్, లఖ్మీదాస్ అని ఇద్దరు కొడుకులు కలిగారు.

ఒకనాడు తెల్లవారుజామున బేయీ నదిలో స్నానానికి దిగి, మూడు రోజులు కనిపించలేదు. తిరిగి వచ్చాక దేవుని ముందు హిందువు, ముసల్మాను అనే భేదం లేదని చెప్పి ఇల్లు విడిచి యాత్రలకు బయలుదేరారు. వెంట నడిచినవాడు భాయీ మర్దానా. ముస్లిం కుటుంబంలో పుట్టిన పాటగాడు, రబాబు వాయించేవాడు. ఆకలైనా దాహమైనా దాచుకోకుండా చెప్పే మనిషి. మనలాంటి మామూలు మనిషి గురువు పక్కన నడిస్తే ఎలా ఉంటుందో మర్దానాను చూస్తే తెలుస్తుంది.

ఈ యాత్రలను ఉదాసీలు అంటారు. దక్షిణ దిక్కుగా వచ్చినప్పుడు గురువుగారు బీదర్ చేరారు. హైదరాబాద్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, ఎర్రరాతి పీఠభూమి మీద ఉన్న పట్టణం అది. అప్పటికే బహమనీ సుల్తానుల కోట, అష్టూర్ సమాధులు, మహమూద్ గవాన్ 1472లో కట్టించిన గొప్ప మదరసా అక్కడ ఉన్నాయి. నీటికోసం భూమి లోపల సొరంగాలు తవ్వించి, పారశీక పద్ధతిలో కరేజ్ కాలువలు ఏర్పాటు చేశారు. ఇంత చేసినా ఊరి వెలుపల పేదవారికి మంచినీరు కరువేనని, తవ్వినచోట ఉప్పునీరే పడేదని పెద్దలు చెబుతారు. గురువుగారు వచ్చారని తెలిసి జనం తమ కష్టం విన్నవించుకున్నారు. ఆయన దేవుని నామం తలచి, కొండవాలున ఒక రాతిని తమ పాదంతో పక్కకు జరిపితే తీయని నీరు పైకి ఉబికిందని సంప్రదాయం. ఆ ఊట ఈనాటికీ పారుతోంది. అమృత్ కుండ్‌లో ఆ నీటిని ఏ మతంవారైనా, ఏ కులంవారైనా తీసుకెళతారు. కులం అడిగేవారు లేరు.

పడమటి యాత్రలో ఆయన హాజీల వేషంలో నీలి బట్టలు కట్టి, చేత కర్ర, చంకలో గ్రంథం, నీటి చెంబు పట్టుకుని అరబ్బు ఎడారిలో నడిచారు. ఎడారిలో బాట అంటే నీటి నుంచి నీటికి వేసిన బాటే. ఒంటెల బిడారాలు ఒక ఒయాసిస్సులో నీళ్లు నింపుకుని తర్వాతి ఒయాసిస్సు మీద ఆశతో సాగేవి. మదీనా నగరమే ఖర్జూర తోటలున్న పెద్ద ఒయాసిస్సు. మక్కాలో ప్రాచీనమైన కాబా పక్కన జమ్‌జమ్ బావి ఉంది. దాహంతో అల్లాడే పసిబిడ్డ కోసం తల్లి హాజరా అటూ ఇటూ పరుగెత్తితే దేవుడు కరుణించి ఇచ్చిన ఊట అది అని ముస్లిం సోదరుల విశ్వాసం.

అక్కడ గురువుగారు అలసి కాబా వైపు కాళ్లు చాపి నిద్రపోయారు. జీవన్ అనే అతను మండిపడి కాళ్లు పట్టి పక్కకు ఈడ్చాడు. ఏ వైపు తిప్పితే ఆ వైపే కాబా కనిపించిందని భాయీ గురుదాస్‌జీ వర్ణించారు. దేవుడు లేని దిక్కు ఏదో చూపితే కాళ్లు అటు పెడతానన్నది గురువుగారి భావం. హిందువు గొప్పా, ముసల్మాను గొప్పా అని హాజీలు అడిగినప్పుడు, మంచి పనులు లేకపోతే ఇద్దరికీ కన్నీరే మిగులుతుందని చెప్పారు. అక్కడి నుంచి బాగ్దాద్ వెళ్లి పీర్లతో సత్సంగం చేశారు.

తిరుగు ప్రయాణంలో హసన్ అబ్దాల్ చేరారు. తక్షశిల శిథిలాలకు దగ్గరి ఊరు ఇది. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వర్ణించిన ఏలాపత్ర నాగరాజు కొలను ఇక్కడిదేనని పురాతత్వవేత్తలు గుర్తించారు. అంటే ఆ నేలలో ఊటలు వేల ఏళ్ల నాటివి. కొండ మీద వలీ కంధారీ అనే ఫకీరు ఉండేవాడు. నీటి ఊట అతని దగ్గర ఉంది. మర్దానాకు దాహం వేసింది. కొండ ఎక్కి అడిగాడు. కింద ఉన్న గురువు గొప్పవాడని విన్న ఫకీరుకు అసూయ పుట్టి, నీ గురువునే అడుగు పొమ్మన్నాడు. మర్దానా మూడుసార్లు ఎక్కి, మూడుసార్లు ఉత్త చేతులతో దిగాడు. గురువుగారు పక్కనున్న రాయి ఎత్తగానే కింద నీరు ఉబికింది, పైన ఊట ఎండింది. ఫకీరు కోపంతో బండ దొర్లించాడు. గురువుగారు అరచేతితో ఆపారు. ఆ పంజా గుర్తు రాతిమీద నిలిచి, ఆ చోటు పంజా సాహిబ్ అయింది. వలీ కంధారీ చివరకు గురువు పాదాలకు నమస్కరించాడు.

ఇక్కడ ఆలోచించండి. ఫకీరు తపస్సు చేసినవాడే. నీరు లేనివాడూ కాదు. అతనికి లేనిది ఒక్కటే, దాహంతో వచ్చినవాడికి చెంబెడు నీళ్లు ఇచ్చే మనసు. అతని అహంకారమే ఊట మీద కూర్చున్న బండ. గురువుగారు ఆపింది ఆ బండనే.

ఆ పాఠం అక్కడి సంగత్ మరచిపోలేదు. 1922 అక్టోబరు 30న అకాలీ ఖైదీలను తీసుకెళుతున్న రైలు హసన్ అబ్దాల్ స్టేషన్‌లో ఆగదని అధికారులు చెప్పారు. ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టి తీరాలని సిక్కులు పట్టాల మీద కూర్చున్నారు. భాయీ పర్తాప్ సింగ్, భాయీ కరమ్ సింగ్ ప్రాణాలిచ్చారు. రైలు ఆగింది, ఖైదీలకు భోజనం అందింది.

యాత్రలు ముగించి గురువుగారు రావి ఒడ్డున కర్తార్‌పూర్‌లో స్థిరపడ్డారు. యాత్రికుని బట్టలు విడిచి రైతుగా నాగలి పట్టారు. పని చేసి తినడం, పంచుకుని తినడం, నామం జపించడం అనే మూడు సూత్రాలను అక్కడ చేసి చూపారు. రాజైనా కూలీ అయినా ఒకే వరుసలో కూర్చుని లంగర్ తినాలి. కొడుకులను కాదని, సేవలో నిలిచిన భాయీ లహణాకు గురుపీఠం ఇచ్చి అంగద్ అని పేరు పెట్టారు. 1539లో జోతిలో లీనమయ్యారు. హిందువులూ ముస్లింలూ ఆయన మావాడంటే మావాడన్నారు. అందుకే కర్తార్‌పూర్‌లో సమాధీ ఉంది, మజారూ ఉంది.

బీదర్ ఊట మరో విధంగానూ ఫలించింది. 1699లో దశమ గురువు గోవింద్ సింగ్‌జీ తల అడిగినప్పుడు లేచిన ఐదుగురిలో భాయీ సాహిబ్ సింగ్ బీదర్‌వాడు, క్షురక వృత్తి చేసే కుటుంబంవాడు. ఊరు తక్కువగా చూసిన ఇంటి బిడ్డ చేతి అమృతాన్ని గురువే స్వయంగా మోకరిల్లి స్వీకరించారు.

ఇప్పుడు మన సంగతి. మన పల్లెల్లో వాడకు వేరే బావి, హోటల్లో వేరే గ్లాసు ఉన్న రోజులు మరీ పాతవి కావు. ఇంటి పనిమనిషికి వేరే కప్పు పెట్టే ఇళ్లు నేటికీ ఉన్నాయి. సిక్కులమని చెప్పుకుంటూ పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగేవారు మనలోనూ ఉన్నారు. గురుద్వారాలో పంక్తిలో కూర్చుని, ఇంటికి వచ్చి గ్లాసు వేరు చేస్తే, మనం కొండ మీద వలీ కంధారీతో ఉన్నట్టే.

వీలైతే ఒకసారి నానక్ ఝీరాకు వెళ్లండి. స్నానం చేయండి, లంగర్‌లో గిన్నెలు కడగండి. వెళ్లలేకపోతే ఈ ఎండల్లో మీ గుమ్మం ముందు ఒక కుండ పెట్టండి, దాని మీద ఒకే ఒక గ్లాసు పెట్టండి. వచ్చినవారందరూ దానితోనే తాగాలి, మీరూ దానితోనే తాగాలి. ఇసుక తీయడం అక్కడ మొదలవుతుంది.

సర్బత్ దా భలా. అందరికీ మేలు జరుగుగాక.

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతే.