మన తొలి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు

అన్ని కాలాల భారత క్రికెట్ జట్టులో ఎవరెవరు ఉండాలి అని మన హాస్టల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పిల్లలందరూ వాదించుకుంటారు. గవాస్కర్, కపిల్ దేవ్, సచిన్ పేర్ల దగ్గర గొడవ లేదు. ఒక్కొక్కరు బాగా ఊపు మీద ఆడిన రోజులే లెక్క చూడాలి అంటే మాత్రం ఇంకో పేరు కూడా రాయాలి. ఆయనే సి.కె. నాయుడు గారు. చాలామందికి ఆయన తెలియదు గనుక ఆయన జీవితం రాస్తున్నాను.

బాల్యం

ఈయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1916లో పెద్ద మ్యాచ్‌లలోకి వచ్చారు. ఆయన కొట్టిన మొదటి పరుగులే సిక్సర్!

మంచి రోజులు

1926 డిసెంబర్‌లో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. అప్పుడు మనల్ని తెల్లవాళ్ళు పాలించేవాళ్ళు. ఆ జట్టు మీద నాయుడు గారు రెండు గంటలు కూడా తీసుకోకుండా 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. మనవాళ్ళు కూడా టెస్టులు ఆడగలరని అందరికీ నమ్మకం కలిగింది. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932లో మన జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. పోర్‌బందర్ మహారాజు కెప్టెన్. కానీ ఆయన తన ఆట ఎంతో తనకు తెలుసుకొని టెస్ట్ మ్యాచ్‌కు తప్పుకున్నారు. అలా జూన్ 25న లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు నాయుడు గారు కెప్టెన్ అయ్యారు. చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మనవాళ్ళలో అదే ఎక్కువ. మ్యాచ్ ఓడిపోయాం గానీ ఆ పర్యటనలో ఆయన 1,618 పరుగులు చేసి 32 సిక్సర్లు కొట్టారు.

1936లో మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు విజయనగరం మహారాజకుమార్‌ను కెప్టెన్ చేశారు. ఆయన కూడా మన తెలుగువారే, కానీ ఆటలో నాయుడు గారికి సాటి రారు. హోదా చూసి ఇచ్చిన పదవి అది. నాయుడు గారు మామూలు ఆటగాడిగా ఆడి, చివరి టెస్టులో ఛాతీకి బంతి తగిలినా 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన ఎక్కువ స్కోరు అదే. అప్పుడు వయసు 40.

తర్వాత

ఇండోర్‌లో హోల్కర్ జట్టుకు చాలా ఏళ్ళు నాయకత్వం వహించారు. 1953-54లో మన ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. 60 దాటాక కూడా రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన కూతురు చంద్రా నాయుడు గారు మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన మొదటి మహిళ. ఇది మన ఆడపిల్లలందరూ గుర్తుపెట్టుకోవాలి.

1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

నా అభిప్రాయం

ఆయన ఆడిన టెస్టులు 7, పరుగులు 350, సగటు 25. ఈ అంకెలు చూస్తే ఎవరూ జట్టులోకి తీసుకోరు. కానీ మన దేశానికి టెస్ట్ ఆడే అవకాశం వచ్చేసరికే ఆయనకు 36 ఏళ్ళు. ఆలస్యంగా పిలిచి తక్కువ ఆడావు అనటం న్యాయమా? ఎవరినైనా ఎంచేటప్పుడు వాళ్ళకు ఎప్పుడు అవకాశం ఇచ్చారో కూడా అడగాలి. హోదా చూడకూడదు, ఆట చూడాలి.

— 9వ తరగతి విద్యార్థిని