తొట్టి బోర్లించిన డాక్టరు రాస్

ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుకొంటాం. ఆ తేదీ వెనకున్న డాక్టరు రోనాల్డ్ రాస్ పేరు వినగానే మనకు సికింద్రాబాద్ గుర్తొస్తుంది. కానీ ఆయనకు దోమల మీద తొలి పాఠం దొరికింది మనవాళ్లు తరతరాలుగా ఉంటున్న బెంగళూరులో.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. 1883లో బెంగళూరు దండులో పనిచేస్తుండగా, ఆయన ఉన్న బంగళాలో దోమల బాధ భరించలేనంతగా ఉండేది. కిటికీ బయటున్న నీళ్ల తొట్టిలో చూస్తే దోమ పిల్లలు కదులుతున్నాయి. తొట్టి బోర్లించగానే దోమలు బాగా తగ్గాయి. మెస్సులోనూ అలాగే చేద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదు.

1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆయనకు రోగి రక్తంలోని మలేరియా క్రిములను చూపించి, దోమలపై అనుమానం కలిగించారు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాద్ చేరి, రోగులను కుట్టిన దోమలను కోసి పరీక్షించసాగారు. రెండేళ్లయినా ఏమీ తేలలేదు. ఆయన కోసినవి ఎక్కువగా బూడిద రంగువి, చారలవి. ఇప్పుడు వాటిని క్యూలెక్స్, ఏడిస్ అంటున్నాం. మనుషుల మలేరియా క్రిమి వాటిలో పెరగదు. ఈలోగా ఊటీ దగ్గర సిగూరు ఘాట్‌కు వెళ్లినప్పుడు ఆయనకే మలేరియా సోకింది.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు దొరికాయి. అవే అనాఫిలిస్. హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు అణా చొప్పున ఇచ్చి కుట్టించారు. 20వ తేదీన ఆ దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మరుసటి ఏడాది కలకత్తాలో, పక్షుల మలేరియా క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మరో పక్షికి అంటుకుంటుందని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

రాస్ పరీక్షించిన ఆ మూడు రకాలూ ఈనాటికీ మన ఇళ్ల చుట్టూనే ఉన్నాయి. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ బోదకాలు తెస్తుంది. డ్రమ్ముల్లో, పూలకుండీల పళ్లేల్లో పెరిగే ఏడిస్ డెంగీ, చికున్‌గున్యా తెస్తుంది. నగరాల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ రకం మూతలేని ట్యాంకుల్లో, సంపుల్లో, బావుల్లో గుడ్లు పెడుతుంది. కాలువ శుభ్రం చేయించుకుని, ఇంట్లో పట్టి ఉంచిన మంచినీళ్లను మరిచిపోతే సగం పనే చేసినట్టు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రమ్ములు ఖాళీ చేసి, తోమి ఆరబెడదాం. ట్యాంకుకు, సంపుకు మూత వేద్దాం. బెంగళూరులో రాస్ చేసినది కూడా ఇంతే.