భక్తాగ్రణి కనకదాసులు

ఏడుకొండలవానిని కన్నడిగులు తిమ్మప్ప యని పిలుచుకొందురు. బంకాపురమునకు చేరువనున్న బాడ గ్రామమున బీరేగౌడ, బచ్చమ్మ యను దంపతులు సంతానార్థులై ఆ తిమ్మప్పకు మ్రొక్కుకొనిరట. స్వామి కృపచే కలిగిన కుమారునకు తిమ్మప్ప యనియే నామకరణము చేసిరి. లోకము కనకదాసులుగా కొనియాడు మహాభక్తుడు ఆ బాలుడే. బాడ నేడు కర్ణాటకలోని హావేరి జిల్లాలో నున్నది. ఆయన జీవితకాలము 16వ శతాబ్దికి చెందినది.

వారిది కురుబ కులము. రాయలసీమలో కురుబలని, తెలంగాణమున కురుమలని పిలువబడు గొర్రెల కాపరుల కులమే యది. తండ్రి ఆ ప్రాంతమునకు నాయకుడగుటచే తిమ్మప్పకు పదవియు, కత్తియు వారసత్వముగా సంక్రమించినవి. భూమిలో దొరికిన బంగారమును తాము దాచుకొనక సత్కార్యములకు వినియోగించుటచే కనకనాయకుడను పేరు వచ్చినదని చెప్పుదురు. ఒక యుద్ధమున తీవ్రముగా గాయపడి, ప్రాణములతో బయటపడిన పిదప ఆయుధమును విడిచి కాగినెలె ఆదికేశవస్వామికి దాసులైరి. ఆ స్వామి నామమే ఆయన కీర్తనలకు ముద్ర.

ఆయనకు గురువులు వ్యాసరాయలవారు. శ్రీకృష్ణదేవరాయల పూజలందుకొని, 1539లో పరమపదించిన ఆ యతీంద్రులు తిరుమలలో 12 ఏండ్లు శ్రీవారిని అర్చించిరని మాధ్వ సంప్రదాయము. అంతటివారు గొర్రెల కాపరుల కులమున పుట్టినవానిని ఆదరించుట మఠములోని పండితులలో కొందరికి మింగుడుపడలేదు. పురందరదాసులవారి పేర ప్రచారములోనున్న ఒక కీర్తనయే ఆ గొణుగుడును చెప్పుచున్నది. అరటిపండు కథ ఎరుగనివారుండరు. ఎవ్వరును చూడని చోట తినిరమ్మని గురువు తలకొక పండు ఇచ్చెను. తక్కినవారు మూలమూలలకు పోయి తినివచ్చిరి. స్వామి చూడని చోటు కానరాలేదని కనకదాసులు పండును చేతబట్టుకొనియే తిరిగివచ్చిరి. పండితులు నాటికి మౌనము వహించిరి గాని, వారి మనసులు మారెనని చెప్పుటకు ఆధారము లేదు.

ఇక ఉడుపి వృత్తాంతము. శ్రీకృష్ణ దర్శనార్థమై వెళ్లిన కనకదాసులకు కులము కారణముగా ప్రవేశము లభింపలేదు. సోదె మఠాధిపతులైన వాదిరాజతీర్థులవారు ఆయన మహిమ నెరిగినవారే. అయినను ఆచారము అడ్డుపడెను. కనకదాసులు ఆలయము వెనుక నిలిచి ఎలుగెత్తి పాడగా, గోడ బీటలువారి, స్వామి పడమటికి తిరిగి దర్శనమిచ్చెనని స్థలపురాణము. ఆ చోటనున్న గవాక్షమే కనకన కిండి. స్వామి పశ్చిమాభిముఖుడై యుండుటకు ఇదియే కారణమా యన్న విషయమున చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు.

ఈ కథ విను యాత్రికులు బీటలువారిన గోడను తలచి పులకింతురు. భక్తుడు గోడ వెనుక నిలువవలసివచ్చిన కారణమును మాత్రము త్వరగా దాటిపోవుదురు. స్వామి తిరిగెనేగాని, ద్వారము తెరువబడెనని కథలో ఎచ్చటను లేదు. గవాక్షము భగవంతుని కరుణకు గుర్తు. అది మనుష్యుల కాఠిన్యమునకు కూడ గుర్తే. ఉడుపి ఆనాడు చేరియున్న మద్రాసు రాష్ట్రమున, వెలిగా నుంచబడిన కులములకు ఆలయప్రవేశపు హక్కు చట్టముచే లభించుటకు 1947 రావలసివచ్చెను.

కనకదాసులు తిట్టినవారిని తిరిగి తిట్టలేదు. కులమును గూర్చి వాదులాడువారిని, ఆత్మకు కులమెక్కడిదని కీర్తనలలో నిలదీసిరి. ఆయన మోహనతరంగిణి, నళచరిత్రె, హరిభక్తిసారము మొదలగు కావ్యములు రచించిరి. వానిలో మోహనతరంగిణి పెద్దది. అయినను ఈ విషయమున రామధాన్యచరిత్రె అను చిన్న కావ్యమునకు సాటివచ్చునది లేదు.

లంకావిజయానంతరము తిరిగివచ్చుచున్న శ్రీరాముడు మున్యాశ్రమమున విడిసెను. ధాన్యములలో ఏది శ్రేష్ఠమన్న ప్రసంగము వచ్చినది. గౌతమముని రాగిని మెచ్చగా వరి మండిపడెను. దేవతల నైవేద్యమునకును, శుభకార్యములకును తానే గతియనియు, రాగి హీనుల తిండియనియు సభలో ఈసడించెను. రాగి తక్కువ తినలేదు. కలవారి పక్షము చేరి, కరవు కాలమున బీదల ముఖము చూడని దానవు నీవని, శవము నోట వేయు బియ్యము నీవే కదాయని ఎదురాడెను. రాముడు అప్పటికి తీర్పు చెప్పక, రెండింటిని ఆరు నెలలు చెరలో నుంచెను. గడువు తీరిన పిదప అయోధ్యలో సభకు రప్పింపగా, వరి సత్తువ యుడిగి యుండెను, రాగి చెక్కుచెదరలేదు. రాఘవుడు దానికి తన పేరునే ప్రసాదించెననియు, రాగి యను పేరు అట్లు వచ్చినదనియు కవి చమత్కారము.

సంకటి తిను గొర్రెల కాపరి ఇంట పుట్టినవాడు, అన్నము తిను పండితుల యెదుట ఈ కథను చెప్పెను. అయినను వరిని ఆయన కావ్యమునుండి వెడలగొట్టలేదు. సిగ్గుపడి నిలిచిన దానిని రాముడు ఓదార్చి, రెండింటిని కలిసి మెలిసి యుండుడని పంపెను. రాయలసీమ ఇండ్లలో నేటికిని సంకటి చేయునపుడు ముందుగా ఎసటిలో కొంచెము బియ్యము వేసి, అది మెత్తగా ఉడికిన తరువాతనే రాగిపిండి పోసి కెలుకుదురు.